దోమకు దీమం

కౌజుపిట్టలను పట్టేవాళ్ళు వల ఒక్కటే తీసుకుని పోరు. పంజరంలో ఒక పెంపుడు పిట్టను కూడా మోసుకుపోతారు. అది కూస్తుంది. కంపచెట్ల చాటునున్న అడవి పిట్ట ఆ కూతకు బదులిస్తూ వచ్చి వలలో పడుతుంది. ఆ పెంపుడు పిట్టను దీమం అంటారు. వల అల్లడం ఎవరైనా నేర్చుకోవచ్చు. దీమాన్ని సాకడం, దాన్ని ఏ పొద్దులో ఏ పొద పక్కన పెట్టాలో తెలుసుకోవడం మాత్రం అందరికీ వచ్చేది కాదు.

జబ్బులు మోసే దోమలపై నిఘా పెట్టేవాళ్ళు వాడే ఉచ్చులను వరసగా పెట్టి చూస్తే నాకు ఆ దీమమే గుర్తుకొచ్చింది. ఒకటి పళ్ళెం కింద వేలాడే చిన్న బల్బు. ఒకటి తెల్లటి గుడ్డ బొక్కెన. ఒకటి కుళ్ళిన నీళ్ళ టబ్బు మీద నిలబెట్టిన గొట్టం. ఒకటి నల్ల రంగు పూసిన గ్లాసు, అందులో ఒక అట్ట ముక్క. వలగా చూస్తే మొదటి మూడింటికీ పెద్ద తేడా లేదు. చిన్న ఫ్యాను, దోమతెర గుడ్డతో కుట్టిన సంచి, ఒక బ్యాటరీ, అంతే. తేడా అంతా దీమంలో ఉంది. ఒకటి ఉత్తుత్తి వెలుగు, ఒకటి ఉత్తుత్తి ఒళ్ళు, ఒకటి ఉత్తుత్తి మడుగు. దోమకు ఏ అబద్ధం చెప్పాలో తెలియాలంటే ముందు దోమ బతుకు తెలియాలి. ఆ తెలివి ఈ పరికరాల గొట్టాల వెడల్పులో, గుడ్డ రంగులో, ఫ్యాను బిగించిన చోటులో కనిపిస్తుంది.

వీటిని ఏదో ల్యాబులో కాకుండా ఒక ఊళ్ళో పెట్టి పోల్చుకుంటే తేడా బాగా తెలుస్తుంది. కడప జిల్లా వేముల మండలంలోని తుమ్మలపల్లెనే తీసుకుందాం. పులివెందుల వైపు ఊరు. యురేనియం గని వచ్చాక పేపర్లకెక్కింది. మన పనికి ఆ గనితో సంబంధం లేదు, అక్కడి ఎండతో, నీళ్ళ కరువుతో ఉంది. వాన తక్కువ, బోరు లోతు. చీనీ చెట్లకూ అరటికీ డ్రిప్పు పైపుల్లో నీళ్ళు చుక్కలు చుక్కలుగా పోతాయి. ఇంటి నీళ్ళు డ్రమ్ముల్లో, సంపుల్లో, బండలతో కట్టిన తొట్లలో ఉంటాయి. ఇంత మెట్ట సీమలో దోమలేమిటని బయటివాళ్ళు ఆశ్చర్యపోతారు. నీళ్ళు కరువైన చోటే జనం నీళ్ళు దాచుకుంటారు. దాచుకున్న నీళ్ళే డెంగీ దోమకు పురుటిల్లు.

ముందొక సంగతి తేల్చుకోవాలి. ఇవి దోమలను చంపి ఊరిని బాగుచేసే యంత్రాలు కావు. బజార్లో దొరికే నీలి లైటు పెట్టెతో వీటిని కలపకూడదు. ఆ పెట్టెలో పురుగు పడి చిటచిటమన్నప్పుడల్లా మనకు ఒక దోమ తగ్గిందన్న తృప్తి. అమెరికాలోని డెలావేర్ విశ్వవిద్యాలయం వాళ్ళు అలాంటి పెట్టెల్లో చచ్చిన పురుగులను కూర్చుని లెక్కపెట్టి 1996లో ఆ లెక్క ప్రచురించారు. మొత్తం 13,789 పురుగుల్లో మనిషిని కుట్టే జాతివి 31. మిగతావి పాపం ఏ పాపమూ ఎరగని రెక్కల పురుగులు, పంటకు మేలు చేసేవి కూడా. నిఘా ఉచ్చు తీరు వేరు. రాత్రికి ఇరవై దోమలు పడినా దానికి చాలు. కానీ ఆ ఇరవై ఏ జాతివో, వాటి కడుపులో ఏముందో చెప్పగలగాలి. నిన్న ఎలా పట్టిందో ఈరోజూ అలాగే పట్టాలి. పక్క ఊళ్ళో కట్టినా అలాగే పట్టాలి.

జాతి తెలియాలంటే దోమ ఒంటి మీది పొలుసులు రాలిపోకూడదు. దోమ అందం, ఆధారం రెండూ ఆ పొలుసుల్లోనే ఉన్నాయి. డెంగీ మోసే ఈడిస్ ఈజిప్టై వీపు మీద వీణ ఆకారంలో తెల్ల గీతలుంటాయి. దాని దాయాది ఆల్బోపిక్టస్‌కు నడిమధ్య ఒకటే తెల్ల చార. రాతి గుంటల్లో నిలిచిన వాననీళ్ళలో పుట్టే ఈడిస్ విట్టేటస్ వీపు మీద చిన్న చిన్న తెల్ల చుక్కలు. బండలున్న సీమ కాబట్టి దీన్ని మనం గుర్తుపట్టి తీరాలి. మెదడువాపు మోసే క్యూలెక్స్ జెలిడస్ అయితే తలమీదా, వీపు ముందు భాగం మీదా విభూతి పూసుకున్నట్టు తెల్లగా ఉంటుంది. దోమను గట్టిగా పట్టుకుంటే ఈ గుర్తులన్నీ వేలికంటుకుని పోతాయి. మిగిలేది ఊరూ పేరూ లేని ఒక గోధుమరంగు పురుగు. అందుకే ఒక ఉచ్చును చూడగానే నేను మొదట వెతికేది ఫ్యాను ఎక్కడుందా అని. దోమ సంచిలోకి పోయే దారిలో ఫ్యాను ముందా, సంచి ముందా? చేసినవాడి శ్రద్ధ అక్కడే తెలిసిపోతుంది.

ఉచ్చులన్నిటికంటే పాతది మనిషి ఒళ్ళు. 1897 ఆగస్టులో సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ మలేరియా రోగి హుస్సేన్ ఖాన్‌ను దోమతెరలో పడుకోబెట్టి, పిల్లపురుగుల నుంచి పెంచిన దోమలను లోపలికి వదిలి, కుట్టిన ఒక్కో దోమకూ ఒక అణా ఇచ్చాడు. ఆ దోమల్లో ఒకదాని కడుపు గోడలో ఆగస్టు 20న ఆయనకు మలేరియా పరాన్నజీవి కనిపించింది. దాని మీదే 1902లో నోబెల్ వచ్చింది. ఆ తర్వాత దశాబ్దాల తరబడి, కాళ్ళు మోకాళ్ళ దాకా బయటపెట్టి కూర్చుని, వాలిన దోమను కుట్టకముందే పట్టే పద్ధతి ప్రపంచమంతా నడిచింది. అంతకంటే నిజమైన దీమం ఉండదు. కాకపోతే ఆ దీమానికి జ్వరం వస్తుంది. తర్వాత వచ్చిన ఉచ్చులన్నీ ఒక రకంగా హుస్సేన్ ఖాన్ మంచాన్ని ఖాళీ చేయించడానికి పుట్టినవే.

మనిషి ఒళ్ళు తప్పుకున్నా మనిషి చెయ్యి చాలాకాలం తప్పుకోలేదు. మన ప్రాంతంలో జరిగిన గట్టి పని అంతా చేత్తో జరిగిందే. 2000ల తొలి ఏళ్ళలో కర్నూలు జిల్లా పల్లెల్లో మెదడువాపు దోమల మీద పరిశోధనకు హైదరాబాదు ఐఐసీటీ, మదురైలోని ఐసీఎంఆర్ కీటక పరిశోధన కేంద్రం శాస్త్రవేత్తలు ఏళ్ళ తరబడి దోమలు పట్టారు. ఆ ఫలితాలు 2009, 2010లో పత్రాలుగా వచ్చాయి. వాళ్ళకు అక్కడ ఎక్కువగా దొరికినవి రెండు జాతులు, క్యూలెక్స్ జెలిడస్, క్యూలెక్స్ ట్రైటీనియోరింకస్. కర్నూలంటే మనకు ఎండిన నేలే గుర్తుకొస్తుంది కానీ కేసీ కాలువ కింద వరి మడులున్నాయి. వరి మడిలో దోమ, పక్కన కొంగ, ఊళ్ళో పంది. మెదడువాపు వైరస్‌కు కావలసిన సంసారమంతా అదే.

ఆ దోమలను పట్టింది సక్షన్ ట్యూబుతో. మూరెడు లోపు గాజు గొట్టం, దానికి తగిలించిన రబ్బరు గొట్టం, రెండూ కలిసే చోట సన్నటి వలగుడ్డ. ఆ గుడ్డ లేకపోతే దోమ నోట్లోకే. చేతిలో టార్చి. పొద్దుగూకిన వేళ, దోమలు ఆకలితో బయలుదేరి పశువుల చుట్టూ చెట్టూ చేమా మీద వాలే గంటలో ఈ పని. టార్చి వెలుగు ముఖం మీద పడకుండా పక్కనుంచి వెయ్యాలి. గొట్టం మూతిని దోమ మీదికి మెల్లగా తేవాలి, చిన్న ఊపిరి పీల్చాలి. గట్టిగా పీలిస్తే దోమ వలగుడ్డకు కొట్టుకుని పొలుసులు రాల్చుకుంటుంది. మెల్లగా పీలిస్తే ఎగిరిపోతుంది. ఆ రెంటికీ మధ్యనున్న ఊపిరి ఎంతో ఏ పుస్తకమూ చెప్పలేదు. మూతికి వేలు అడ్డం పెట్టి, సీసాలోకి ఊది, దూదితో మూసెయ్యాలి. మలేరియా దోమకైతే తెల్లవారుజామున ఇంట్లోకి పోవాలి. పాత మట్టి మిద్దెలో దంతెల సందుల్లో, గవాక్షి వెలుగు పడని మూలల్లో, తలను గోడవైపు వంచి తోక పైకెత్తి వాలి ఉంటుంది అనాఫిలిస్.

లెక్క కూడా చేతికి తగ్గట్టే ఉంటుంది. ఒక మనిషి ఒక గంటలో ఎన్ని పట్టాడన్నదే సాంద్రత. ఇద్దరు అరగంట పట్టినా అది ఒక మనిషి గంటే. ఈ కొలతలో ఒడుపూ ఉంది, లోపమూ ఉంది. ఇరవై ఏళ్ళు గొట్టం ఊదిన కీటక సేకర్తకు నలభై దొరికిన కొట్టంలో కొత్త కుర్రాడికి పది దొరుకుతాయి. ఊళ్ళో దోమలు తగ్గాయా, లేక పాతాయన రిటైరయ్యాడా? అంకెను చూసి చెప్పలేం. యంత్రం కావలసి వచ్చింది ఇక్కడే.

అమెరికాలో 1930లలోనే న్యూజెర్సీ లైట్ ట్రాప్ వచ్చింది. ఇనుప గొట్టం, పెద్ద బల్బు, కరెంటు తీగ, అడుగున విషం పెట్టిన సీసా. బరువు. కరెంటు లేని చోట పనికిరాదు. పడిన దోమ చస్తుంది. చచ్చిన దోమలో వైరస్ వెతకడం కష్టం. 1962లో అక్కడి జబ్బుల నియంత్రణ సంస్థ సీడీసీకి చెందిన సూడియా, చాంబర్లేన్ అనే ఇద్దరు దీన్ని కుదించారు. బ్యాటరీ తీసేస్తే కిలో లోపు బరువు. పారదర్శకమైన ప్లాస్టిక్ గొట్టం, అందులో బొమ్మ మోటారంత మోటారు, దానికి రెక్కలు, పైన సైకిల్ డైనమో దీపమంత బల్బు, ఆ పైన వాన పడకుండా అల్యూమినియం పళ్ళెం, కింద వేలాడే గుడ్డ సంచి. ఆరు వోల్టుల బ్యాటరీ. భుజానికి నాలుగు తగిలించుకుని ఒక మనిషి నాలుగు కొట్టాల్లో కట్టి రావచ్చు. అరవై ఏళ్ళ తర్వాత కూడా ఈ రూపం పెద్దగా మారలేదు. మారకపోవడమే దాని గొప్పతనానికి రుజువు. అప్పటి లెక్కనూ ఇప్పటి లెక్కనూ పక్కపక్కన పెట్టుకోవచ్చు.

ఈ ఉచ్చులో నాకు నచ్చిన పనితనం దాని బలహీనతలో ఉంది. ఫ్యాను గాలి చాలా తక్కువ. దగ్గరికొచ్చిన దోమను మాత్రమే లాగుతుంది, దూరపుదాన్ని ఊడ్చుకురాదు. దోమ ఆ ఫ్యాను రెక్కల మధ్య నుంచే కిందికి జారాలి. మోటారు ఏమాత్రం బలంగా ఉన్నా ముక్కలైపోయేది. ఎంత బలం పెట్టాలో తెలిసినవాళ్ళు చాలామంది ఉంటారు, ఎంత తగ్గించాలో తెలిసినవాళ్ళు తక్కువ. తర్వాతి మోడళ్ళలో కొన్నిటికి ఇంకో చిన్న ఏర్పాటు చేరింది. బ్యాటరీ అయిపోయి ఫ్యాను ఆగితే, గాలికి తెరుచుకుని ఉన్న తలుపు దానంతటదే మూసుకుంటుంది. లేకుంటే తెల్లారేసరికి దోమలన్నీ వచ్చిన దారినే పోతాయి.

తుమ్మలపల్లెలో దీన్ని ఎక్కడ కట్టాలి? ఎనుముల కొట్టంలో. ఎనుము ఊపిరే దీమం, బల్బు దానికి తోడు మాత్రమే. కొట్టం నడిమధ్య కడితే దోమ ఉచ్చును వదిలి ఎనుము మీదికే పోతుంది కాబట్టి వసారా అంచున, ఛాతీ ఎత్తున కట్టాలి. పున్నమి రాత్రి కట్టకూడదు, వెన్నెలలో బల్బు వెలవెలబోతుంది. తొలకరి పడిన రాత్రి అసలే వద్దు. ఉసిళ్ళు లేస్తాయి. అవి దీపం మీదికి ఎలా ఎగబడతాయో సీమలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. తెల్లారి సంచి విప్పితే గుప్పిళ్ళకొద్దీ ఉసిళ్ళు, రాలిన రెక్కలు, వాటి అడుగున పొలుసులు ఊడిన నాలుగు దోమలు. ఉసిళ్ళు వేయించుకు తినేవాళ్ళకు ఆ రాత్రి ఈ ఉచ్చు పనికొస్తుందేమో కానీ శాస్త్రానికి పనికిరాదు.

వెలుగు కంటే ఊపిరి బలమైన దీమం. ఆడదోమ మూతి పక్కనుండే చిన్న స్పర్శాంగాలకు మనం వదిలే బొగ్గుపులుసు గాలిని పసిగట్టే శక్తి ఉంది. అందుకే ఉచ్చు పక్కన గడ్డకట్టించిన ఆ వాయువును, అంటే డ్రై ఐసును, డబ్బాలో పెట్టి వేలాడదీస్తారు. అది ఆవిరవుతూ రాత్రంతా ఊపిరి వదులుతుంది. పడే దోమలు ఎన్నో రెట్లు పెరుగుతాయి. నలభై డిగ్రీల పైన కాసే ఎండలో డ్రై ఐసును వేముల దాకా తేవడం ఎవరి తరం? దీనికి ఆఫ్రికాలో పనిచేసినవాళ్ళు ఒక వంటింటి ఉపాయం వాడారు. సీసాలో చక్కెర నీళ్ళు పోసి ఈస్టు కలిపితే అది పులుస్తూ అదే వాయువును వదులుతుంది. బెల్లం మడ్డితోనూ చేశారు. మన దగ్గర బెల్లం నీళ్ళలో ఈస్టు కలిపి, క్యానుకు పైపు తగిలించి కొట్టంలో దాచిపెడితే దాన్ని బెల్లం ఊట అంటారు. దోమల కంటే ముందు ఎక్సైజు వాళ్ళు వస్తారు. కాగితం మీద అనుమతి రాయించుకుని క్యానుకు అంటించడం మంచిది.

ఇంత చేసినా డెంగీ దోమ ఈ ఉచ్చులో పడదు. ఈడిస్ ఈజిప్టై పగటి దొంగ. పగలు కుట్టేదానికి రాత్రి దీపం దేనికి? ఎనుము కంటే దానికి మనిషే ఇష్టం. చీకటి మూలల్లో, మంచాల కింద, వేలాడే బట్టల మధ్య తిరుగుతుంది. తుమ్మలపల్లె లాంటి ఊరికి ముందు కావలసింది దాని ఆచూకీయే.

దానికోసం జర్మనీలో రేగెన్స్‌బర్గ్ విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన పరిశోధకులు బయోజెంట్స్ అనే కంపెనీ పెట్టి బీజీ సెంటినెల్ చేశారు. చూడ్డానికి మడిచిపెట్టగల తెల్ల గుడ్డ బొక్కెన. పైన తెల్లటి వలగుడ్డ మూత, మధ్యలో నల్లటి గరాటు. దీన్ని మొదటిసారి చూసినప్పుడు మురికిబట్టలు వేసే బుట్ట అనుకున్నాను. కాసేపు పక్కన కూర్చుని గాలి ఎటు పోతుందో అగరొత్తి పొగ పట్టుకుని చూస్తే అప్పుడు విషయం తెలిసింది. నడిమి నల్ల గరాటులోంచి గాలి లోపలికి పోతుంది, చుట్టూ ఉన్న తెల్ల వలగుడ్డ లోంచి మళ్ళీ పైకి లేస్తుంది. మన ఒంటి వేడికి మన చుట్టూ గాలి ఎప్పుడూ అలాగే మెల్లగా పైకి లేస్తుంటుంది, మనకు తెలియదు కానీ దోమకు తెలుసు. లోపల ఒక చిన్న గొట్టంలో చెమట వాసన ఉంటుంది. లాక్టిక్ ఆమ్లం, అమ్మోనియా, ఒక కొవ్వు ఆమ్లం. లాక్టిక్ ఆమ్లం మిగతా జంతువుల చర్మం కంటే మన చర్మం మీద ఎక్కువ. ఈడిస్ మనిషిని ఎనుము నుంచి వేరు చేసుకునే ఆనవాళ్ళలో అదొకటి. పైకి లేచే గాలిలో ఆ వాసన కలిసి, తెలుపు మధ్య నలుపు కళ్ళకు కొట్టొచ్చినట్టు కనిపించి, దోమకు అక్కడ ఒక మనిషి కూర్చున్నట్టే అనిపిస్తుంది.

ఇందులో సంచి ఫ్యానుకు పైన ఉంది. దోమ గరాటులోంచి నేరుగా సంచిలోకి జారి అక్కడే ఆగిపోతుంది, రెక్కల దాకా పోదు. వీపు మీది వీణ గీత చెక్కుచెదరకుండా వస్తుంది. మగదోమలు కూడా ఆడదోమల కోసం వచ్చి పడతాయి. గెలుపు దీనిదే అనాలి, ధర అడగనంత వరకు. పన్నెండు వోల్టుల కరెంటు రోజంతా కావాలి, వాసన గొట్టం కొన్ని నెలలకోసారి మార్చాలి, అది విదేశం నుంచి రావాలి. ఊరికి పది పెట్టడం ఏ పంచాయతీకీ చేతకాదు. ఒకటి పెట్టి, అది చెప్పేదాన్ని ఊరంతటికీ అన్వయించుకోవడం అంటే ఒక మెతుకు పట్టి అన్నం ఉడికిందని చెప్పడమే. అన్నం కుండలో అది చెల్లుతుంది, దోమలు గుంపులు గుంపులుగా ఒక్కో ఇంట్లో ఒక్కోలా ఉండే ఊళ్ళో చెల్లదు.

ఇప్పటిదాకా చెప్పినవన్నీ దోమ ఆకలిని పట్టేవి. నాకు అన్నిటికంటే ఎక్కువ మురిపెం కలిగించేది ఆకలి తీరిన దోమ కోసం చేసిన ఉచ్చు. సీడీసీలో పనిచేసిన పాల్ రైటర్ 1983లో దాన్ని ప్రకటించాడు. ఆయన ఆలోచన సూటిగా ఉంది. ఆకలితో వచ్చే దోమల్లో చాలావాటికి ఇంకా ఎవరి నెత్తురూ అంటలేదు, వాటిలో వైరస్ వెతికితే ఏం దొరుకుతుంది? గుడ్లతో నిండిన దోమ అయితే ఒకసారైనా ఎవరినో కుట్టి తీరాలి. నిండు చూలాలిని పిలవాలంటే పురుడు పోసుకునే చోటు చూపించాలి. ఒక టబ్బు, అందులో గడ్డి నానబెట్టి కుళ్ళించిన నీళ్ళు, ఆ నీళ్ళకు కాస్త పైన వేలాడే గొట్టం, అందులో గాలిని పైకి లాగే ఫ్యాను. గుడ్లు పెట్టడానికి నీటి మీద తారాడే క్యూలెక్స్ దోమ కింద నుంచి పైకి గాలిలో తేలిపోతుంది. దీపం లేదు, ఉసిళ్ళు లేవు, సంచిలో దాదాపు అంతా దోమలే. మొదట్లో దోమ ఫ్యాను గుండా పోవలసి వచ్చేది, తర్వాత వచ్చిన రూపాల్లో సంచిని ఫ్యానుకు ముందుకు తెచ్చి ఆ లోపమూ సరిచేశారు. 1999లో న్యూయార్కులో వెస్ట్ నైల్ వైరస్ బయటపడ్డాక అమెరికా ఊళ్ళలో ఈ టబ్బులూ కాపలా కాశాయి.

దీని కంపు గురించి కూడా చెప్పాలి. వారం నానిన గడ్డి నీళ్ళ కంపు ఇంటి ముందు పెట్టుకోవడానికి ఏ ఇల్లాలూ ఒప్పుకోదు. మురుగు కాలువ దగ్గర అయితే ఎవరూ అడగరు, కానీ అక్కడ మురుగు కాలువే పోటీ. సీమలో వేరుశనగ కట్టె నానబెట్టి చూడొచ్చని నాకు అనిపిస్తుంది. ఎవరైనా వ్యవసాయ కాలేజీ పిల్లలు ఒక సీజను పరీక్షించి చూస్తే బాగుంటుంది.

నల్ల గ్లాసు కథ ఇంకా చిన్నది, ఇంకా లోతైనది. 1960ల నడుమ అమెరికాలో ఈడిస్ ఈజిప్టైని నిర్మూలించాలని తలపెట్టినప్పుడు ఫే, పెర్రీ అనేవాళ్ళు 1965లో దీన్ని ప్రకటించారు. బయట నిగనిగలాడే నల్లరంగు పూసిన గాజు జాడీ, అందులో కొద్దిగా నీళ్ళు, ఒక వైపు గరుకుగా ఉండే హార్డ్‌బోర్డు ముక్క ఒకటి నిలబెట్టి. ఫ్యాను లేదు, బ్యాటరీ లేదు. ఇది దోమనే పట్టదు, దోమ వచ్చి వెళ్ళిన గుర్తును పడుతుంది. ఈడిస్ గుడ్లను నీళ్ళలో వదలదు, నీటి గీతకు కాస్త పైన తడిగా, గరుకుగా ఉన్న చోట ఒక్కొక్కటిగా అంటిస్తుంది. అవి ఎండినా నెలల తరబడి బతికే ఉంటాయి. వారానికోసారి ఆ అట్ట ముక్క తీసి, భూతద్దం కింద నల్లటి ఆవగింజల కంటే చిన్న గుడ్లను లెక్కపెడితే చాలు. సింగపూర్‌లో దీని తమ్ముడు గ్రావిట్రాప్ పదుల వేల సంఖ్యలో అపార్టుమెంట్ల వరండాల్లో కాపలా కాస్తోంది. నల్లటి డబ్బా, లోపల జిగురు పూత, అడుగున గడ్డి నీళ్ళు. ఇది గుడ్ల దాకా ఆగదు, దోమనే అంటించుకుంటుంది. అక్కడ ఉద్యోగాలు చేస్తున్న మనవాళ్ళు లిఫ్టు దిగగానే రోజూ చూసేవే.

తుమ్మలపల్లెలో ఈ నల్ల గ్లాసు అంకెను జాగ్రత్తగా చదవాలి. నీటి గీతకు పైన తడిగా, గరుకుగా ఉండే చోటు అంటే ఏమిటి? నునుపు పట్టని కడప బండతో కట్టిన తొట్టి లోపలి అంచు. ఫే, పెర్రీలు హార్డ్‌బోర్డులో ఏ గరుకుదనం వెతికారో అది మన తొట్లలో పుట్టుకతోనే ఉంది. ఇంటికో తొట్టి ఉన్న వీధిలో నల్ల గ్లాసు పెడితే, ఎదురుగా కల్యాణమండపం ఉండగా పందిరి వేసి పిలిచినట్టు. పైగా ఈ దోమ తన గుడ్లన్నీ ఒకేచోట పెట్టదు, నాలుగు చోట్ల పంచుతుంది. గ్లాసులో గుడ్లు తక్కువ పడితే దోమలు తక్కువని కాదు, తొట్లు ఎక్కువని కావచ్చు. శుక్రవారం డ్రై డే అని ఊరంతా తొట్లు కడిగి బోర్లించిన వారం గ్లాసులో గుడ్లు హఠాత్తుగా పెరిగితే కంగారు పడనక్కరలేదు. దోమకు చోటు కరువై గ్లాసు దగ్గరికి వచ్చిందన్నమాట. ఆ సంగతి తెలియని ఆఫీసరు అదే అంకె చూసి డ్రై డే విఫలమైందని రాసేస్తాడు.

దోమ దొరికాక దానిలో వైరస్ వెతకడం వేరే పని, కానీ అక్కడా ఒక ముచ్చటైన చేతిపని ఉంది. మదురై వాళ్ళు అనుమానమున్న దోమల రసాన్ని టాక్సోరింకైటిస్ అనే పెద్ద దోమలోకి ఎక్కించి వైరస్ పెరిగిందా అని చూసేవాళ్ళు. ఆ దోమ మనిషిని కుట్టదు, దాని పిల్లలు ఇతర దోమల పిల్లలను తింటాయి. ల్యాబులో చేతికి కుట్టే భయం లేని దోమ అంటే ఎంత సుఖమో! క్వీన్స్‌లాండ్ పరిశోధకులు 2010లో ఇంకో దారి చూపించారు. ఉచ్చులో తేనె పూసిన ప్రత్యేక కాగితం పెట్టారు. తేనె తాగేటప్పుడు దోమ ఉమ్ము ఆ కాగితం మీద పడుతుంది, వైరస్ జాడ అక్కడే నిలిచిపోతుంది, మంచుపెట్టె అక్కరలేదు. తేనెలో నీలిరంగు కలిపారు. ఏ దోమ తాగిందో దాని కడుపు చూస్తే తెలిసిపోతుంది. ఐసు దొరకని మన ఎండల్లో పనికొచ్చే ఉపాయం ఇదే.

ఇప్పుడు వంతు సెన్సారుది. 2025 జూలైలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆరు నగరపాలక సంస్థల్లో 66 చోట్ల కృత్రిమ మేధతో నడిచే దోమల నిఘా పరికరాలు పెడతామని ప్రకటించింది. విజయవాడకు 28, విశాఖకు 16, నెల్లూరుకు 7, కర్నూలుకు 6. దోమ జాతి, ఆడా మగా, ఎన్ని ఉన్నాయి, ఆ చోట వేడి, తేమ ఎంత అన్నవి ఎప్పటికప్పుడు కేంద్రానికి పంపుతాయని చెప్పారు. ఇలాంటి సెన్సార్లు సాధారణంగా ఆధారపడేది రెక్కల చప్పుడు మీద. మగదోమ రెక్కలు ఆడదానికంటే వేగంగా కొట్టుకుంటాయి, జాతికో స్వరం ఉంటుంది. పొలుసు చూడకుండా పాట విని పేరు చెప్పడం గొప్ప విద్యే. కానీ ట్రైటీనియోరింకస్ చుట్టాలను ఒకదాన్నుంచి ఒకటి వేరు చెయ్యడం సూక్ష్మదర్శిని కింద కూడా తల నొప్పించే పని. పైగా వేడిని బట్టి కూడా రెక్కల స్వరం మారుతుంది, కర్నూలు మే నెల మధ్యాహ్నపు స్వరం డిసెంబరు తెల్లవారుజాము స్వరం కాదు. సెన్సారు చెప్పిన పేరును సరిచూడ్డానికి పక్కన ఒక గుడ్డ సంచి, ఆ సంచిని విప్పి చూసే ఒక పాత కీటక సేకర్త ఉండాలనే నా పట్టు.

తుమ్మలపల్లెకు నా చేతిలో డబ్బు పెట్టి ఉచ్చులు కొనమంటే ఇలా చేస్తాను. వీధికి నాలుగు నల్ల గ్లాసులు, పక్కనే అదే రోజు ఎన్ని తొట్లలో పిల్లపురుగులున్నాయో ఆశా కార్యకర్త రాసుకున్న లెక్క. రెండూ పక్కపక్కన లేకుండా ఏ ఒక్కటీ నమ్మను. ఊరి చివర ఎనుముల కొట్టంలో వానలు మొదలయ్యాక నెలకు రెండుసార్లు లైట్ ట్రాప్, ఉసిళ్ళ రాత్రులు మినహాయించి. మురుగు కాలువ దిగువన ఒక టబ్బు. మిగిలిన డబ్బుతో సక్షన్ ట్యూబు ఊదగల ఒక మనిషికి జీతం.

ఆ మనిషికి మొదటి రోజే నేర్పాల్సింది ఒకటుంది. తెల్లవారి ఉచ్చు దించేటప్పుడు ముందు స్విచ్చు ఆపకూడదు. ఫ్యాను తిరుగుతుండగానే సంచి మూతిని వేళ్ళతో దగ్గరికి తీసి దారంతో రెండు చుట్లు చుట్టి ముడెయ్యాలి. ఆ తర్వాతే బ్యాటరీ తీగ లాగాలి.